కొటేషన్‌లో రంగు పేరు ఉంటుంది, జిగురు పేరు ఉండదేం?

ఇంటీరియర్ డిజైనర్లకు, మాడ్యులర్ ఫర్నిచర్ సంస్థలకు, బిల్డర్లకు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) అధికారులకు. భారతీయ ప్రమాణాల సంస్థ శాఖాధికారులకు. రెండు రాష్ట్రాల కాలుష్య నియంత్రణ మండళ్లకు, కార్మిక శాఖలకు బహిరంగ లేఖ

అయ్యలారా, అమ్మలారా,

నమస్కారం. మేం హైదరాబాద్ పడమటి వైపు ఒక గేటెడ్ కమ్యూనిటీలో ఉంటున్న నివాసుల సంఘం సభ్యులం. ఇరుకు ఫ్లాటును కూడా చూడముచ్చటగా తీర్చిదిద్దే మీ పనితనం మీద మాకు గౌరవం ఉంది. ఆ మాట చెప్పి నేరుగా విషయానికి వస్తున్నాం.

మా బ్లాకుల్లో కొత్తగా ఇంటీరియర్లు చేయించుకున్న ఇళ్లలో కళ్లు మంటలు, పొడి దగ్గు, పిల్లలకు ఎడతెగని జలుబు అని ఒకరి తర్వాత ఒకరు చెప్పడం మొదలుపెట్టాక, ముందు పని చేసిన సంస్థకే రాశాం. పదేళ్ల వారంటీ ఉందని, బోర్డు ఉబ్బితే మార్చి ఇస్తామని జవాబు వచ్చింది. మేం అడిగింది వాసన సంగతి. బిల్డరును అడిగితే ఇంటీరియర్లు తమ ఒప్పందంలో లేవన్నారు. ఒక కార్యాలయంలో అర్జీ ఇస్తే రసీదు ఇచ్చి ఇంకో కార్యాలయానికి వెళ్లమన్నారు. అక్కడ, ఇంటి లోపలి గాలి తమ పరిధిలోకి రాదన్నారు. ఎవరి పరిధిలోకీ రాని గాలినే మేం రాత్రంతా పీలుస్తున్నాం కాబట్టి, మీ అందరికీ కలిపి ఇలా రాయాల్సి వచ్చింది.

మా ఫిర్యాదంతా ఒక్క ప్రశ్నలో ఉంది. మా ఇంట్లో పెడుతున్నది ఏ బోర్డు, దాన్ని ఏ జిగురుతో చేశారు, అందులోంచి ఏం వస్తుంది? ఇది కాగితం మీద రాసి ఇవ్వడానికి మీకేమిటి అభ్యంతరం? ఈ ప్రశ్నకు జవాబు లేకపోవడం వల్ల మామూలు కుటుంబాలకు ఏం జరుగుతోందో ఒక్కొక్కటిగా చెబుతాం.

1. ముందు ఆ జిగురు సంగతి. ప్లైవుడ్, ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు మూడూ చెక్క పొరలనో, పీచునో, పొట్టునో జిగురు కలిపి వేడి ప్రెస్సులో ఒత్తి చేసేవే. చవక రకాల్లో ఎక్కువగా వాడేది యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు. గాలిలో తేమ తగిలినకొద్దీ, వేడి పెరిగినకొద్దీ అది విడిపోతూ ఫార్మాల్డిహైడ్ వాయువును వదులుతుంది. కళ్లు మండటం, గొంతు గరగర, దగ్గు, ఉబ్బసం ఉన్నవాళ్లకు ఆయాసం పెరగడం వెంటనే కనిపించే లక్షణాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే దీన్ని మనుషులకు క్యాన్సర్ తెచ్చే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. ఇంటి గాలిలో ఇది అరగంట సగటున ఘనపు మీటరుకు 0.1 మిల్లీగ్రాము దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో మార్గదర్శకం ఇచ్చింది.

అన్ని బోర్డులూ ఒకటి కావు. ఐఎస్ 710 అనే భారతీయ ప్రమాణం కింద వచ్చే మెరైన్ ప్లైలో ఫినాల్ ఫార్మాల్డిహైడ్ జిగురు వాడతారు. నీటికి తట్టుకుంటుంది, వాయువు కూడా చాలా తక్కువ వదులుతుంది. సింకు కింద తడుస్తుందని "710" అడిగి వేయించుకున్నవాళ్లకు తెలియకుండానే ఒంటికీ మేలు జరుగుతోంది. పడకగదిలో నీళ్లు పడవు కదా అని అక్కడ ఎంఆర్ గ్రేడు (కాస్త తేమకు మాత్రమే ఆగే) ప్లైవుడ్డో, పార్టికల్ బోర్డో పెట్టేస్తున్నారు. మనిషి తలుపులు బిగించుకుని, ఏసీ వేసుకుని ఏడెనిమిది గంటలు పడుకునేది ఆ గదిలోనే మరి.

షోరూములో అడిగితే "ఎండీఎఫ్ కాదు సార్, హెచ్‌డీహెచ్ఎంఆర్" అంటారు. అది కూడా చెక్క పీచును జిగురుతో ఒత్తి చేసిన బోర్డే. సాంద్రత ఎక్కువ, తేమకు ఆగుతుంది, ఆ మేరకు మంచిదే. వాయువు ఎంత వదులుతుందో చెప్పే ఎమిషన్ తరగతి ఇ-0నా (అన్నిటికంటే తక్కువ), ఇ-1నా, ఇ-2నా అని అడగండి, మేనేజరును పిలుస్తారు. మేనేజరు కాఫీ తాగుతారా అని అడుగుతాడు.

మీరిచ్చే కొటేషన్ ఒకసారి ముందు పెట్టుకుని చదవండి. లామినేట్ నంబరు, షేడ్ పేరు, హ్యాండిల్ ఫినిషు, కీళ్లు సాఫ్ట్ క్లోజా కాదా, చదరపు అడుగు ధర అన్నీ ఉంటాయి. అసలు బోర్డు దగ్గరికి వచ్చేసరికి "ఇంజినీర్డ్ వుడ్" అని రెండే మాటలు.

లామినేట్ అతికించిన ముఖం నుంచి వాయువు తక్కువే వస్తుంది. కోసిన అంచుల నుంచి, పూత లేని వైపు నుంచి ఎక్కువ వస్తుంది. మా బ్లాకులో ఒక వార్డ్‌రోబ్ వెనక పలక విప్పించి చూశాం. ముందు వైపు ముఖం కనిపించేంత నిగనిగలాడే ఆక్రిలిక్. గోడకు ఆనే వైపు పచ్చి బోర్డు, వేలితో గీరితే పొట్టు రాలుతోంది. కీళ్ల కోసం తొలిచిన గుంటలు, స్విచ్ బోర్డు కోసం కోసిన చదరం, కింద స్కర్టింగు దగ్గర వదిలేసిన అంచు, వీటిలో ఒక్కదానికీ ఎడ్జ్ బ్యాండు (అంచుకు అతికించే పట్టీ) గానీ పూత గానీ లేదు. కనిపించని చోట ఖర్చు ఎందుకని మేస్త్రీ అనుకున్నాడు. అతనికి అలా అనుకునే వీలు మీ డ్రాయింగే ఇచ్చింది.

"కొత్త వాసన కదండీ, పది రోజులు కిటికీలు తీసి పెట్టండి, పోతుంది" అన్నది మీరందరూ చెప్పే మాట. నిజానికి ఆ వాయువు తొలి నెలల్లో బాగా ఎక్కువగా ఉండి, తర్వాత తగ్గుతూ, ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా వస్తూనే ఉంటుంది. మే నెలలో ఇంటికి తాళం వేసి ఊరెళ్లి, వారం తర్వాత వచ్చి తలుపు తీసినవాళ్లను అడగండి, పది రోజుల లెక్క ఎంత నిజమో చెబుతారు. విశాఖలో, కాకినాడలో, విజయవాడలో ఉక్కపోత కూడా తోడవుతుంది.

మాలో కొందరు ఆన్‌లైన్‌లో చిన్న మీటర్లు కొని అంకెలు చూపిస్తే, మీ ప్రతినిధి నవ్వి, "అది అగరుబత్తికీ లేస్తుంది, శానిటైజరుకూ లేస్తుంది" అన్నారు. ఒప్పుకుంటున్నాం, ఆ చవక మీటర్ల మాట నమ్మడానికి వీల్లేదు. అందుకే కదా ల్యాబ్ రిపోర్టు మీరే ఇవ్వండి అంటున్నది!

2. మన ఇళ్లలో హడావుడిగా గది తయారు చేయించే సందర్భాలు ముఖ్యంగా రెండు: గృహప్రవేశం, పురుడు. కూతురు పురిటికి వస్తుందంటే అమ్మానాన్నలు ఉన్నంతలో ఒక గదికి రంగులు వేయించి, కొత్త కప్‌బోర్డు చేయించి, ఏసీ పెట్టిస్తారు. పని పూర్తయ్యేసరికి ఆమెకు తొమ్మిదో నెల వచ్చేస్తుంది. పసిబిడ్డకు గాలి తగలకూడదని పెద్దవాళ్లు కిటికీలు మూయిస్తారు. రోజంతా ఆ గదిలోనే ఉండేది తల్లీబిడ్డలు. ఒంటి బరువుతో పోల్చితే పసిపిల్లలు పెద్దవాళ్లకంటే ఎక్కువ గాలి పీలుస్తారు.

మా కమ్యూనిటీలో ఒక ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది. బిడ్డ బట్టలు కొత్త డ్రాయరులో పెట్టారు. ఉతికిన నూలు చొక్కా కూడా రెండు రోజులకు అదే ఘాటు పట్టేది. బిడ్డకు ముక్కు దిబ్బడ, రాత్రంతా ఏడుపు. డాక్టరు గది మార్చి చూడమన్నారు. హాల్లో పాత టేకు మంచం పక్కన ఉయ్యాల కట్టాక నెమ్మదించింది. వార్డ్‌రోబే కారణమని డాక్టరు రాసివ్వలేదు, మేమూ అలా తీర్పు చెప్పడం లేదు. కానీ పురిటి గదికని చెప్పి ఆర్డరు ఇచ్చినప్పుడు, ఇది వద్దు, ఇంకోటి వేద్దాం, లేదా రెండు నెలలు ముందే చేయిద్దాం అని చెప్పాల్సింది ఎవరు? ఆ ఇంటి పెద్దాయన రిటైరైన బస్సు కండక్టరు. ఆయనకు యూరియా అంటే పొలంలో చల్లేది.

గృహప్రవేశాల సంగతి మీకు తెలియంది కాదు. ముహూర్తం ముందు ఖాయమవుతుంది, పని దానికి సరిపోయేలా తోసుకుపోతుంది. పాలు పొంగించే వేళకు వెనక గదిలో పాలిష్ టచప్ జరుగుతూ ఉంటుంది. ఆ రాత్రి నిద్ర చేయాలి కాబట్టి అందరూ అక్కడే పడుకుంటారు.

3. ఇప్పుడు మాకు అన్నిటికంటే మనసు నొప్పించిన విషయం. ఈ బోర్డు పెట్టెలు అసలు అవసరమా?

పాతికేళ్ల కిందటి ఇళ్లలో, ఫ్లాట్లలో వంటింటి అరలు, గోడ అల్మారాలు, సామాను పెట్టుకునే అటకలు కడప బండలతో ఉండేవి. నల్లటి నాపరాయి, నునుపుగా, చల్లగా ఉంటుంది. గోడలో బిగించి పైన తలుపులు పెడితే అల్మారా అయిపోయింది. జిగురు లేదు, చెద పట్టదు, నీళ్లు కారినా ఉబ్బదు, ఆవకాయ జాడీ బరువుకు వంగదు. తలుపులు పాతబడితే తలుపులే మార్చుకోవచ్చు. ఇప్పుడు బిల్డరు ఉత్త గోడ ఇస్తున్నాడు. ఎక్కడైనా పాత ఫ్లాటులో ఆ బండలు మిగిలి ఉంటే, "మాడ్యులర్ లుక్ రాదండీ" అంటూ డిజైనరు మొదటి రోజే సుత్తితో కొట్టించేస్తున్నాడు. మాకు తెలిసిన ఒక పెద్ద దంపతుల ఇంట్లో ఆ కొట్టించినందుకూ బిల్లు వేశారు, శిథిలాలు మోసినందుకు ఇంకో బిల్లు. ఆ స్థానంలో వచ్చిన పార్టికల్ బోర్డు రెండో వర్షాకాలానికి సింకు పక్కన పాపడంలా ఉబ్బింది.

తాండూరు నాపరాయి వికారాబాద్ జిల్లాలో దొరుకుతుంది, బేతంచెర్ల రాయి నంద్యాల జిల్లాలో. డంగు సున్నం పని తెలిసిన మేస్త్రీలు ఇంకా ఉన్నారు. ఆ గోడ తేమను పీల్చుకుని మళ్లీ వదిలేస్తుంది. దాని మీద పుట్టీలు, ప్లాస్టిక్ పెయింట్లు ఒకదానిపై ఒకటి ఎక్కించే పని ఉండదు. ఏటికొప్పాక పనివాళ్లు అంకుడు కర్ర మీద సహజ రంగులు కలిపిన లక్కతో ఎంత మెరుపు తెస్తారో అందరికీ తెలుసు. పిల్లల గది డ్రాయరు గుబ్బకు అది ఎందుకు పనికిరాదు? మీ షోరూముల్లో ఒకదానిలో "సస్టైనబుల్ లివింగ్" అని పెద్ద అక్షరాల గోడ ఉంది. దాని నిండా ప్లాస్టిక్ ఆకులు.

ఇవేవీ తెలియని నగరం కాదు మనది. దేశానికే దారి చూపిన హరిత భవన కేంద్రం ఇక్కడే ఉంది. హైటెక్ సిటీ దగ్గర ఆ భవనాన్ని 2004లో రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు. ఘాటు వాయువులు తక్కువ వదిలే రంగులు, జిగుర్లు వాడితే హరిత రేటింగుల్లో మార్కులు వస్తాయని మీలో చాలామందికి కంఠతా వచ్చు. ఐటీ కంపెనీ ఆఫీసుకు చేసేటప్పుడు గుర్తొచ్చే ఆ సంగతి ఉద్యోగి ఇంటికి చేసేటప్పుడు ఎందుకు గుర్తు రాదు?

4. గాలి. నివాస భవనాల కోసం కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ 2018లో ఎకో నివాస్ సంహిత తెచ్చింది. ఫ్లాటు నేల విస్తీర్ణంలో తెరుచుకునే కిటికీలు, తలుపుల వాటా హైదరాబాద్ లాంటి వాతావరణానికి 12.5 శాతం, విశాఖ, విజయవాడ లాంటి ఉక్క వాతావరణానికి 16.66 శాతం ఉండాలని అందులో ఉంది. లెక్క మొత్తం ఫ్లాటుకు వేస్తారు గానీ, అర్థం కావడానికి ఒక గదికి వేసి చూద్దాం. పన్నెండడుగుల చదరపు గది అంటే 144 చదరపు అడుగులు. దానికి 18 చదరపు అడుగుల తెరుచుకునే జాగా కావాలి. మాకు ఇచ్చింది నాలుగడుగుల చదరపు కిటికీ, 16 చదరపు అడుగులు. అదైనా జరిపే కిటికీ కాబట్టి ఒకసారికి సగమే తెరుచుకుంటుంది. అంటే ఎనిమిది. దోమల మెష్ పోగా వచ్చే గాలి ఎంతో మీరే చెప్పండి.

ఇంతలో డిజైనరు వచ్చి ఆ సగంలో కొంత వార్డ్‌రోబ్‌తో మూస్తాడు. బాల్కనీని అద్దాలతో బిగించి "యుటిలిటీ" అంటాడు. వంటగది చిమ్నీకి బయటికి గొట్టం పెట్టే దారి లేదని, గాలిని ఫిల్టరు గుండా తిప్పి మళ్లీ వంటింట్లోకే వదిలే రకం పెడతాడు. అది నూనె జిడ్డును కొంత పడుతుంది, గ్యాసు మంట నుంచి వచ్చే నైట్రోజన్ డయాక్సైడ్‌ను బయటికి పంపదు.

ఫాల్స్ సీలింగ్ ఇంకో సంగతి. నివాస గది ఎత్తు కనీసం 2.75 మీటర్లు ఉండాలని జాతీయ భవన నియమావళి చెబుతుంది. ఏసీ గదులకు మాత్రం 2.4 వరకు సడలింపు ఉంది. చాలా ఫ్లాట్లలో నేల నుంచి శ్లాబుకు ఉన్నదే 2.85 మీటర్లు. మీరు ఎనిమిది అంగుళాలు దించితే 2.65కు వస్తుంది. కరెంటు పోయినా, ఏసీ పాడైనా ఆ గదిలో ఉడికిపోవడమే. శ్లాబు చెమ్మగిల్లి బూజు పట్టినా ఆ జిప్సమ్ పలక వెనక ఎవరికీ కనిపించదు. హాలు మధ్యలో దీపాల వరుస కోసం నాలుగు గదుల్లో సీలింగ్ దించడం మాకు దండగ ఖర్చుగా కనిపిస్తోంది. అభిరుచులు వేరు కావచ్చు, కనీసం ఎత్తు ఎంత తగ్గుతుందో ముందు చెప్పండి.

5. పనివాళ్లు. మా ఇళ్లలో పనిచేసే వడ్రంగుల్లో చాలామంది బీహార్, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్ నుంచి వచ్చినవాళ్లు. పని అయ్యేదాకా ఆ ఫ్లాటులోనే వండుకుని, ఆ పొట్టు మధ్యే పడుకుంటారు. మేం పీల్చేది వాళ్లు పీల్చే దానిలో వెయ్యో వంతు కూడా కాదేమో. చెక్కపొట్టును కూడా అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషులకు క్యాన్సర్ తెచ్చేవాటి మొదటి వర్గంలోనే పెట్టింది.

ఇప్పుడు వంటింటి గట్టుకు గ్రానైట్ పాతబడిపోయిందని క్వార్ట్జ్ వేస్తున్నారు. అది కొండ నుంచి కోసిన రాయి కాదు. రాతి పొడిని రెజిన్‌తో కలిపి చేసిన పలక. అందులో సిలికా 90 శాతం దాకా ఉంటుంది, గ్రానైట్‌లో దానికంటే చాలా తక్కువ. పలక గట్టు మీద కదలకుండా ఉన్నంతకాలం వాడుకునేవాళ్లకు ఇబ్బంది లేదు. కోసేవాడికే ప్రమాదం. సింకు కోసం, స్టవ్ కోసం గ్రైండరుతో పొడిగా కోస్తే లేచే సన్నని ధూళి ఊపిరితిత్తుల్లో దిగి సిలికోసిస్ తెస్తుంది. దానికి నయం చేసే మందు లేదు. ఆస్ట్రేలియాలో చిన్న వయసు కార్మికులు ఈ జబ్బున పడటంతో 2024 జూలై 1 నుంచి ఇలాంటి పలకల తయారీ, సరఫరా, కోతలను నిషేధించారు.

మా కారిడార్లో ఏం జరిగిందంటే, లిఫ్టు ముందు పలకను రెండు స్టూళ్ల మీద పెట్టి కోశారు. కోసిన కుర్రాడికి ఇరవై ఏళ్లుంటాయి. ముక్కుకు తడి తువ్వాలు కట్టుకున్నాడు. కనుబొమలు, వెంట్రుకలు తెల్లబడిపోయాయి. పక్క ఫ్లాట్ల ముందున్న చెప్పుల మీద కూడా పొడి పరుచుకుంది. ఆ పొడిని పనమ్మాయి చీపురుతో ఊడ్చింది. సూపర్‌వైజరును పిలిచి నిలదీస్తే "ఫ్యాక్టరీలో కట్ చేయిస్తే కొలత తేడా వస్తుందండీ" అన్నాడు. కొలత తేడా రాకుండా చూడటం మీ పని కదా?

6. రంగులు. ఇళ్లకు వాడే పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు) దాటకూడదన్న కేంద్ర నిబంధన 2017 నవంబరు 1 నుంచి అమల్లో ఉంది. ఆ మాట డబ్బా మీద రాయాలి. పరిశ్రమల కోసం చేసే పెయింట్లకు ఆ పరిమితి వర్తించదు. కిటికీ ఊచలకు, పిల్లల మంచం కోళ్లకు తెచ్చే ఎనామెల్ ఏ డబ్బాదో మాకు చూపించండి, అంతే.

7. పాత సామాను ఎక్కడికి పోతోంది? అమ్మమ్మ టేకు బీరువా మనవరాలి ఇంటికి వచ్చేది. ఇప్పటి పెట్టె విప్పితే మళ్లీ బిగించడానికి స్క్రూ పట్టదు. మా కమ్యూనిటీ వెనక గోడ దగ్గర కోసిన బోర్డు ముక్కల గుట్ట ఎప్పుడూ ఉంటుంది. చలికాలంలో వాచ్‌మన్ కుటుంబాలు, పక్క సైటు కూలీలు వాటితోనే మంట వేసుకుంటారు, నీళ్లు కాచుకుంటారు. జిగురు, లామినేట్, పీవీసీ ఎడ్జ్ బ్యాండు అన్నీ కలిసి కాలే ఆ పొగ ఎలాంటిదో పక్కన నిలబడితే తెలుస్తుంది. చెత్తను ఆరుబయట తగలబెట్టడం నేరమని బోర్డు పెట్టాం. వాచ్‌మన్ భార్య అడిగింది: "మరి గ్యాసు బండ ఇస్తారా అమ్మా?" ఆమె మీద జరిమానా వేయాలని మేం అనుకోవడం లేదు. ఆ ముక్కలు అక్కడ వదిలి వెళ్లినవాడి మీద వేయాలి.

మీ వైపు నుంచి వచ్చే మాట మాకు తెలుసు. కస్టమరు చదరపు అడుగుకు వంద రూపాయలు తగ్గించమని పీక్కుతింటాడు, మేమెక్కడి నుంచి మంచి బోర్డు తేవాలి అంటారు. అందులో నిజం ఉంది. జనం మెరుపు చూసే ఆర్డరిస్తున్నారు. కానీ మెరుపు ఒక్కటే చూపిస్తే జనం ఇంకేం చూస్తారు? మామూలు బోర్డుకు ఇంత, ఇ-0 బోర్డుకు ఇంత, కడప బండకు ఇంత అని మూడు వరుసలు రాసివ్వండి. తేడా భరించాలో వద్దో మేం తేల్చుకుంటాం. కొందరు చిన్న డిజైనర్లు ఇప్పటికే అలా ఇస్తున్నారు. వాళ్లకు మా ధన్యవాదాలు.

ఇంకో మాట. కాలిఫోర్నియాలో 2009 నుంచి దశలవారీగా బోర్డుల ఎమిషన్ మీద పరిమితి పెట్టారు. ఎండీఎఫ్‌కు 0.11 పీపీఎం, పార్టికల్ బోర్డుకు 0.09 పీపీఎం, ప్లైవుడ్‌కు 0.05 పీపీఎం. 2010లో అమెరికా మొత్తానికీ చట్టం చేశారు. ఆ పరిమితులు పాటిస్తాయన్న సర్టిఫికెట్ ఉన్న బోర్డులు మన దేశంలోనూ తయారవుతున్నాయి. కొడుకు కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఆ చట్టం కింద చేసిన కిచెన్‌లో కాఫీ పెట్టుకుంటూ, నల్లగండ్లలో అమ్మానాన్నలకు కొన్న ఫ్లాటు డిజైన్ వీడియో కాల్లో ఖాయం చేస్తున్నాడు. ఇద్దరి ఊపిరితిత్తులకూ ఒకే ప్రమాణం ఉండాలని అడగడం అత్యాశ కాదు.

డిజైనర్లకు, సంస్థలకు, బిల్డర్లకు మా డిమాండ్లు:

1. ప్రతి కొటేషన్‌లో ప్రతి వస్తువు ఎదురుగా బోర్డు రకం, గ్రేడు, ఐఎస్ నంబరు, జిగురు రకం, ఎమిషన్ తరగతి రాయాలి. ఐఎస్ఐ గుర్తు కింద ఉండే సీఎం/ఎల్ లైసెన్సు నంబరు ఇవ్వాలి. దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో మేమే సరిచూసుకుంటాం. ల్యాబ్ రిపోర్టు నకలు బిల్లుతో జతచేయాలి.

2. బోర్డు ఆరు ముఖాలూ, కోసిన ప్రతి రంధ్రం, గుంట మూయాలి. గోడకు ఆనే వైపు కూడా. వారంటీలో ఉబ్బడంతోపాటు వాసన కూడా చేర్చాలి.

3. పని ముగింపుకూ, కుటుంబం దిగడానికీ మధ్య కనీసం నాలుగు వారాలు కిటికీలు తెరిచి ఉంచే గడువు మీ షెడ్యూల్లోనే చూపించాలి. ముహూర్తం దగ్గరగా ఉంటే పని తీసుకోవడానికి ముందే ఆ మాట చెప్పాలి. గర్భిణి, పసిబిడ్డ, ఉబ్బసం ఉన్నవాళ్లు ఉండే గది ఏదో అడిగి తెలుసుకోవాలి.

4. కిటికీని మూసే డిజైన్ ఇవ్వకూడదు. సీలింగ్ దించితే మిగిలే ఎత్తు డ్రాయింగ్ మీద రాయాలి.

5. క్వార్ట్జ్, గ్రానైట్ పలకల కోత ఫ్యాక్టరీలో నీటి ధార కింద జరగాలి. సైటులో పొడి కోత పూర్తిగా ఆపాలి. వడ్రంగులకు సరైన మాస్కులు, పొట్టు లాగే యంత్రం, పడుకోవడానికి వేరే చోటు మీరే చూడాలి.

6. మిగిలిన ముక్కలన్నీ మీ బండిలోనే తిరిగి తీసుకెళ్లాలి.

అధికారులకు:

7. రెరా అధికారులు, బిల్డరే ఇంటీరియర్ ప్యాకేజీ అమ్మే ప్రతి ప్రాజెక్టులో పై వివరాలను ఒప్పందంలో తప్పనిసరి చేయాలి. రెరా చట్టంలోని 14వ సెక్షన్ కింద పనితనం, నాణ్యత లోపాలకు ఐదేళ్ల బాధ్యత ఉంది. ప్యాకేజీగా అమ్మిన కప్‌బోర్డులకు అది వర్తిస్తుందో లేదో స్పష్టంగా చెప్పాలి. బ్రోచర్లలో కిటికీ కొలతతోపాటు అది ఎంత తెరుచుకుంటుందో కూడా వేయించాలి.

8. భారతీయ ప్రమాణాల సంస్థ అధికారులు మన మార్కెట్లలో అమ్ముతున్న బోర్డుల నమూనాలు తీసి, ఫార్మాల్డిహైడ్ పరీక్ష చేయించి, ఫలితాలు తెలుగులో ప్రకటించాలి.

9. 2009లో ప్రకటించిన జాతీయ గాలి ప్రమాణాల్లో 12 కాలుష్య కారకాలున్నాయి. అవి బయటి గాలికి. ఫార్మాల్డిహైడ్ అందులో లేదు. ఇంటి లోపలి గాలికి ప్రమాణం కావాలని రెండు రాష్ట్రాల కాలుష్య నియంత్రణ మండళ్లూ కేంద్రానికి లిఖితపూర్వకంగా సిఫార్సు చేయాలి. ఆలోగా ఫ్లాటులో గాలి పరీక్ష చేయించుకోదలచిన కుటుంబానికి గుర్తింపు పొందిన ల్యాబుల జాబితా, ధర అందుబాటులో పెట్టాలి.

10. కార్మిక శాఖలు ఇంటీరియర్ పనుల్లో ఉన్న వలస వడ్రంగులను, రాయి కోసేవాళ్లను భవన నిర్మాణ కార్మికులుగా నమోదు చేసి, ఏటా ఛాతీ పరీక్షలు చేయించాలి.

"ఆర్కిటెక్ట్" అని పెట్టుకోవాలంటే 1972 చట్టం కింద నమోదు ఉండాలి. ఇంటీరియర్ డిజైనర్‌కు అలాంటి చట్టబద్ధమైన నమోదు లేదు. మీ వృత్తి సంఘాలు సభ్యత్వ నియమాల్లో మా డిమాండ్లలోని మొదటి ఆరు అంశాలను చేర్చుకుంటే, మేం చట్టం కోసం ఎదురుచూడాల్సిన పని తగ్గుతుంది.

ఉగాదిలోపు మీ సమాధానాలు రాతపూర్వకంగా అందాలని కోరుతున్నాం. వచ్చిన ప్రతి జవాబునూ మా నోటీసు బోర్డులో యథాతథంగా పెడతాం. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాల్సిన కేసులు మా దగ్గర కొన్ని ఉన్నాయి, కాగితాలు సిద్ధం చేస్తున్నాం. ఈలోగా మా చేతిలో ఉన్న పని మేం మొదలుపెడుతున్నాం. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఒక తీర్మానం ప్రవేశపెడుతున్నాం. బోర్డు, జిగురు వివరాల పత్రం, ముక్కలు తిరిగి తీసుకెళ్తామన్న హామీ లేని ఏ ఇంటీరియర్ బండికీ ఇకపై మా గేటు దగ్గర పాస్ ఇవ్వరు. పక్క కమ్యూనిటీలవాళ్లు ఆ తీర్మానం నకలు అడిగారు. వాళ్లకూ ఇస్తున్నాం.

ఇట్లు,
నివాసుల సంఘం కార్యవర్గం తరఫున